కష్టం వచ్చిన గంటలో మనసును నిలుపుకొనే విద్య

సంఘ కార్యాలయానికి వచ్చే సభ్యులు ముందుగా నూలు ధర అడుగుతారు. తరువాత మజూరీ బకాయిల సంగతి, గుర్తింపు కార్డు సంగతి, బ్యాంకు అప్పు సంగతి. అవన్నీ అయిన తరువాత, చెప్పులు తొడుగుకొంటూ, గుమ్మం దగ్గర నిలబడి ఇంకొక మాట అంటారు. “ఈమధ్య ఇంట్లో ఊరికే కోపం వస్తున్నదండీ” అని ఒకరు. “రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే మళ్ళీ కన్ను మూతపడదు” అని ఒకరు. “మా తమ్ముడు మాట్లాడడం మానేశాడు, ఎప్పుడు ఏం చేసుకొంటాడోనని దిగులుగా ఉన్నది” అని మరొకరు. మేము ఇన్నాళ్ళూ ఆ మాటకు “అన్నీ సర్దుకొంటాయి లెండి” అని జవాబు చెప్పి పంపుతూ వచ్చాము. అది జవాబు కాదని మాకు తెలుసు. విన్న వారికీ తెలుసు.

రంగుల గురించి, అచ్చుల గురించి, కొత్త డిజైనుల గురించి వ్రాసినట్లే, ఆ గుమ్మం దగ్గరి మాటకు పనికివచ్చే ఒక విద్యను గురించి ఈసారి వ్రాయదలచాము. ఇది వేదాంతం కాదు, మందూ కాదు. చేతిపని నేర్చినట్లుగా కూర్చుని నేర్చుకొని, పదిసార్లు చేసి అలవాటు చేసుకొనవలసిన కొన్ని పద్ధతులు మాత్రమే. వైద్యులు దీనిని డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అంటారు, పొట్టిగా డి.బి.టి. మన సభ్యులకు డి.బి.టి. అనగానే ప్రభుత్వం సొమ్మును నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి జ్ఞాపకం వస్తుంది. అది వేరు, ఇది వేరు. అది చేతికి అందేలోపల దీని అవసరం పడుతుందని ఎవరైనా అంటే మేము కాదనము.

ఈ విద్యను కూర్చినవారు అమెరికాలోని సియాటిల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైనహన్. ఆమె 1943లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పుట్టారు. 1961లో, 17 ఏళ్ళ వయసున, తనకు తాను హాని చేసుకొనే స్థితిలో ఆమెను హార్ట్‌ఫర్డ్ నగరంలోని మానసిక వైద్యశాలలో చేర్చారు. అక్కడ రెండు సంవత్సరాలకు పైగా ఉన్నారు. ఒంటరి గదిలో పెట్టారు, గట్టి మందులు ఇచ్చారు, విద్యుత్ చికిత్స చేశారు, ఏదీ పనిచేయలేదు. బయటకు వచ్చిన తరువాత షికాగోలో ఒక భీమా కంపెనీలో గుమాస్తా పని చేస్తూ రాత్రి తరగతులలో చదువుకొన్నారు. 1971లో డాక్టరేటు పుచ్చుకొన్నారు. తాను పడిన నరకం నుండి బయటపడి, అందులోనే ఉన్న ఇతరులను బయటకు తేవలెనన్నది ఆమె పట్టిన పంతం.

తీవ్రమైన బాధలో పడి, ప్రాణం తీసుకొనవలెనని మాటిమాటికీ అనిపించే మనుషులను ఆమె ఎంచుకొన్నారు. ఇతర వైద్యులు చేయి వదిలిన వారు వీరు. మొదట ఆమె “నీ ఆలోచన మార్చుకో, నడవడి మార్చుకో” అనే ధోరణిలో చికిత్స చేశారు. రోగులు నొచ్చుకొన్నారు. తప్పంతా మాదేనంటున్నారే అన్నారు. సరే అని, “నీ బాధ న్యాయమైనదే, నీవు ఉన్నట్లే ఉండు” అనే ధోరణికి మారితే, ఇంత బాధలో ఉంటే ఏమీ చేయరేమని వారికి ఇంకా కోపం వచ్చినది. అప్పుడు ఆమెకు తోచినదేమంటే, రెండూ ఒకేసారి కావలెను. ఉన్నదానిని ఉన్నట్లు ఒప్పుకొనడం ఒకటి, మార్చవలసినదానిని మార్చడం రెండవది. ఎదురెదురుగా కనిపించే ఈ రెండింటినీ కలిపి పట్టుకొనడమే పేరులోని “డయలెక్టికల్” అన్న మాటకు అర్థం. నిలువుగా పడుగు ఉన్నది, అడ్డంగా పేక ఉన్నది. రెండూ ఒకే దిక్కున పోతే గుడ్డ కాదు. ఈ పోలిక ఆమెది కాదు, మాకు తోచినది.

ఒప్పుకొనే విద్యను ఆమె జెన్ బౌద్ధం నుండి తెచ్చుకొన్నారు. జెన్ అన్న మాట మన “ధ్యానం” అన్న మాటే. చైనాలో “చాన్” అయి, జపానులో “జెన్” అయినది. కనుక తిరిగి తిరిగి ఇంటికి వచ్చిన సరుకులో కొంత మనదే. 1991లో ఆమె బృందం తొలి పరీక్షా ఫలితాలను ప్రకటించినది. ఈ చికిత్స పొందిన స్త్రీలలో తమకు తాము హాని చేసుకొనడం తగ్గినది, ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గినవి, మధ్యలో చికిత్స మానేసేవారూ తగ్గారు. 1993లో పుస్తకాలు వెలువడ్డాయి. తాను కూడా ఒకనాటి రోగినేనని ఆమె చాలాకాలం బయట చెప్పలేదు. 2011లో, తనను 17 ఏళ్ళప్పుడు ఉంచిన ఆ వైద్యశాలకే వెళ్ళి, అక్కడివారి ముందు నిలబడి చెప్పారు.

పూర్తి చికిత్స అంటే చిన్న విషయం కాదు. వారానికొకసారి వైద్యునితో ఒంటరిగా సంభాషణ, వారానికొకసారి పదిమందితో కలిసి తరగతి, అవసరమైనప్పుడు ఫోనులో సలహా. ఇట్లా సాధారణంగా ఒక సంవత్సరం. అది శిక్షణ పొందినవారే చేయవలెను. కాని ఆ తరగతిలో నేర్పే పద్ధతులు జబ్బు లేనివారికి కూడా రోజువారీ చికాకులలో పనికివస్తాయి. మేము వ్రాసేది వాటిని గురించే.

పోగు తెగినప్పుడు

మరమగ్గం మీద పనిచేసేవారికి తెలుసు. పేక పోగు తెగితే మగ్గం తనంతట తాను ఆగేందుకు ఒక చిన్న ముల్లుకర్ర వంటి ఏర్పాటు ఉంటుంది. అది పాడై మగ్గం ఆగకుండా నడిస్తే, మూరెడు గుడ్డ పాడయ్యేదాకా ఎవరికీ తెలియదు. మనిషికి అటువంటి ఏర్పాటు పుట్టుకతో రాలేదు. కట్టుకొనవలెను.

లైనహన్ నేర్పే ఒక పద్ధతి అదే. కోపం గాని, భయం గాని, అవమానం గాని తలకెక్కినట్లు తెలిసిన క్షణాన కదలకుండా ఆగడం. చేతిలో ఏమున్నదో అది అట్లాగే. నోటి దాకా వచ్చిన మాట అట్లాగే. తరువాత ఒక అడుగు వెనుకకు వేయడం. నిజంగానే కాలితో వెనుకకు జరిగినా మంచిదే. తరువాత చూడడం: ఒంట్లో ఏమి జరుగుతున్నది, ఎదుటివారి ముఖంలో ఏమున్నది, అసలు సంగతి ఏమిటి. ఆ తరువాతనే, ఏది చేస్తే పని చెడకుండా ఉంటుందో అది చేయడం. చెప్పడానికి ఇంతే. చేయడానికి ఎంత కష్టమో మేము ఎరుగుదుము. ఈ వ్యాసం వ్రాస్తున్న రోజులలోనే ఒక బిల్లు విషయమై కార్యాలయంలో గొంతు పెంచి, రెండవ అడుగు దగ్గరనే తప్పిపోయాము.

ఆగినా ఒళ్ళు ఆగదు. గుండె దడదడలాడుతుంది, చెవులు వేడెక్కుతాయి. అప్పుడు బుద్ధికి చెప్పే మాటలు చెవికెక్కవు. ముందు ఒంటిని దించవలెను. దానికి చల్లని నీరు ఉపాయం. ఒక గిన్నెలో చల్లని నీరు పోసి, ఊపిరి బిగబట్టి, కళ్ళు, చెంపలు మునిగేటట్లు ముఖం అరనిమిషం దానిలో పెట్టడం. లేదా తడిగుడ్డను కళ్ళమీద, చెంపలమీద గట్టిగా అదుముకొని ఊపిరి బిగబట్టడం. నీటిలో మునిగినప్పుడు గుండె వేగం తగ్గే గుణం మనిషి దేహానికి సహజంగా ఉన్నది. ఈ పద్ధతి దానినే పిలుస్తుంది. ఊరికే ముఖం కడుక్కొంటే ఆ గుణం అంతగా మేలుకొనదు. ఇక్కడ ఒక హెచ్చరిక: గుండె జబ్బు ఉన్నవారు, గుండె వేగం తగ్గించే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఇది చేయరాదు. అతి చల్లని మంచు నీరు ఎవరికీ అవసరం లేదు.

నీరు అందుబాటులో లేకపోతే ఊపిరి ఉన్నది. పీల్చేదానికంటె వదిలేది పొడవుగా ఉండవలెను. నాలుగు లెక్కపెట్టి పీల్చి, ఆరు లెక్కపెట్టి వదలండి. నిమిషానికి ఐదారు ఊపిరులకు మించకుండా కొన్ని నిమిషాలు. మరమగ్గాల షెడ్డులో ఎంత చప్పుడు ఉన్నా ఇది ఎవరికీ తెలియకుండా చేయవచ్చును. కోపం మరీ ఎక్కువైతే వీధిలోకి వెళ్ళి పది పదిహేను నిమిషాలు వేగంగా నడవడం మంచిది. మాటా మాటా పెరిగినప్పుడు బయటకు వెళ్ళిన మగవారు నేరుగా ఎక్కడికి పోతారో ఇంటివారికి తెలుసు కనుక, “నడిచి వస్తాను, అరగంటలో వస్తాను” అని చెప్పి, చెప్పినట్లు రావడం ముఖ్యం.

ఇక్కడ ఈ విద్యకంతటికీ ఆయువుపట్టయిన మాట ఒకటి చెప్పవలెను. కష్టం వచ్చిన గంటలో కష్టాన్ని తీర్చవలెనని ప్రయత్నించకండి. దానిని ఇంకా చెడగొట్టకుండా ఉంటే చాలును. సాహుకారు లెక్కలో నాలుగు వందలు కోశాడు. ఆ సాయంత్రమే ఆ నాలుగు వందలు తిరిగి రావు. కాని ఆ సాయంత్రమే తాగి వస్తే నాలుగు వందలు ఏడు వందలవుతాయి, భార్యమీద చేయి చేసుకొంటే పదేళ్ళ కాపురం చెడుతుంది. ఎంత పెద్ద అలయినా లేచిన తరువాత దిగుతుంది. దిగేదాకా మనసును వేరేదానిమీద పెట్టడానికి కూడా ఈ విద్యలో చోటున్నది: కండెలు చుట్టడం, పక్కింటి ముసలమ్మకు బియ్యం తెచ్చిపెట్టడం, గట్టిగా పాట పెట్టుకొనడం, పిల్లవాడితో లెక్కలు చేయించడం. ఇది తప్పించుకొనడం కాదా అని అడగవచ్చును. రోజంతా, వారమంతా చేస్తే తప్పించుకొనడమే. గంటసేపు చేస్తే, పగలు సావకాశంగా చూడవలసిన సంగతిని రాత్రి వేడిలో చూడకపోవడం.

మరొకటి. మనసు బాగున్న రోజున ఒక కాగితం తీసుకొని, తాగితే వచ్చే లాభమేమి, నష్టమేమి, తాగకుండా ఓర్చుకొంటే లాభమేమి, నష్టమేమి అని నాలుగు గడులలో వ్రాసి పెట్టుకొనమంటారు. తాగుడే కానక్కరలేదు, అరవడం కావచ్చు, అప్పు చేసి లాటరీ కొనడం కావచ్చు. లాభం గడి ఖాళీగా వదలకూడదు. తాగితే గంటసేపు బరువు దిగుతుంది, అది నిజమే కనుక వ్రాయవలెను. అబద్ధపు కాగితాన్ని కష్టకాలంలో ఎవరూ నమ్మరు.

ఒప్పుకొనడం, లొంగిపోవడం

ఈ విద్యలో మన వారికి ఎక్కువగా అపార్థమయ్యేది “ఒప్పుకొనడం” అన్న మాట. ఉన్నదానిని మనసారా, ఒంటితో సహా, పూర్తిగా ఒప్పుకొనమని లైనహన్ చెప్తారు. వినగానే “తలవ్రాత అని ఊరుకోమంటారా?” అన్న ప్రశ్న వస్తుంది. మాకూ మొదట అదే వచ్చినది. చేనేతవారికి ఓర్పు నేర్పడానికి వచ్చేవారు తక్కువేమీ లేరు. బకాయి చెల్లించవలసినవారే తరచుగా ఓర్పు గురించి ఉపన్యాసం ఇస్తూ ఉంటారు.

కాని ఆమె చెప్పేది అది కాదు. “మజూరీ తగ్గినది” అన్నది జరిగిన సంగతి. “తగ్గకూడదు” అన్నది మన న్యాయం. రెండూ నిజమే. “తగ్గకూడదు, తగ్గకూడదు, ఇట్లా ఎట్లా జరుగుతుంది” అని రాత్రంతా పక్కమీద దొర్లుతూ ఉన్నంతకాలం, తగ్గిందన్న సంగతిని మనసు ఒప్పుకొనలేదన్నమాట. ఒప్పుకొననిదానిని మార్చడానికి ఎవరూ లేవరు. తెగిన పోగు తెగలేదని అనుకొనేవాడు దానిని అతకడు గదా. మజూరీ తగ్గిందని ఒప్పుకొన్నవాడు పొద్దున లేచి, నలుగురిని కూడగట్టుకొని, లెక్క వ్రాసుకొని సంఘానికి వస్తాడు. దుఃఖం ఉంటుంది. ఒప్పుకొన్న తరువాత తరచుగా ఏడుపు వస్తుంది, ఆ తరువాత కొంత తేలిక వస్తుంది. మెచ్చుకొనడం వేరు, క్షమించడం వేరు, ఒప్పుకొనడం వేరు.

మన కుటుంబాలలో ఇటువంటివి ఎన్నో ఉన్నవి. కొడుకు మగ్గం ఎక్కనన్నాడు, పూనాలో సెల్లు ఫోనుల దుకాణంలో కుదిరాడు. తండ్రి పదేళ్ళుగా అతనితో సరిగా మాట్లాడడు. మగ్గం గుంట అట్లాగే ఉన్నది. ఆ తండ్రికి మనం చెప్పవలసినది “మంచిదేలే” అని కాదు. మంచిది కాదని ఆయనకు అనిపిస్తున్నది. చెప్పవలసినది ఇది: అబ్బాయి రాడు. రాని అబ్బాయితో పండుగకు ఎట్లా మాట్లాడవలెను, అన్నది మిగిలిన ప్రశ్న. ఒప్పుకొనడం ఒకసారి చేస్తే సరిపోదు. మనసు మళ్ళీ పాతదారికి పోతుంది, మళ్ళీ తిప్పవలెను. అరచేతులు పైకి తెరిచి ఒడిలో పెట్టుకొని, ముఖం కండరాలు వదులు చేసి, పెదవి చివరలు కొద్దిగా పైకి తెచ్చి కూర్చోవడం దీనికి తోడు చేస్తుందని ఆమె నేర్పుతారు. మొదట నవ్వులాటగా ఉంటుంది. బిగించిన పిడికిలితో కూర్చున్నప్పటికీ, తెరిచిన అరచేతితో కూర్చున్నప్పటికీ తేడా ఎవరికి వారే చూసుకొనవచ్చును.

వచ్చిన ఉద్రేకం సంగతికి తగినదేనా అని సరిచూసుకొనడం మరొక పద్ధతి. సాహుకారు మనం వెళ్ళినప్పుడు తల ఎత్తలేదు. “నన్ను కుక్కకంటె హీనంగా చూశాడు” అని ఇంటికి వచ్చి చెప్తాము. జరిగిన సంగతి ఏమిటి? తల ఎత్తలేదు. అంతే. కళ్ళతో చూసినదేదో, చెవులతో విన్నదేదో అది ఒక వరుసలో. మనం దానికి తొడిగినది ఇంకొక వరుసలో. తొడిగినది అబద్ధమని కాదు, నిజమే కావచ్చును. కాని విడదీసి చూస్తే గాని తెలియదు. ఆయన ఆ సమయాన తన అప్పుల లెక్క చూసుకొంటున్నాడేమో.

సరిచూసిన తరువాత రెండు దారులు. ఉద్రేకం సంగతికి తగినదే అయితే, సమస్యను పట్టుకొనవలెను. తగినది కాకపోతే, లేక దాని ప్రకారం నడిస్తే పని చెడుతుందనిపిస్తే, అది చెప్పినదానికి ఎదురు నడవమంటారు. దిగులు పడుకోమంటుంది, లేచి స్నానం చేసి నాడె పట్టవలెను. సిగ్గు మూల కూర్చోమంటుంది. పెళ్ళికి పాత చీరతోనైనా వెళ్ళి, తల ఎత్తి నిలబడవలెను. సహకార బ్యాంకు కార్యదర్శి ముఖం చూడలేక మూడు నెలలు ఆ వీధి తప్పించి తిరుగుతున్నవారు, వాయిదా పెంచమని అడగడానికి తామే వెళ్ళవలెను. సగం సగం చేస్తే ఫలితం లేదు. వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నేల చూపులు చూసి తిరిగి వస్తే భయం ఇంకా ముదురుతుంది. అయితే నిజంగా కొట్టే, బెదిరించే అప్పులవాని విషయంలో భయం న్యాయమైనదే. అక్కడికి ఒంటరిగా పోరాదు.

ఒంటి సంగతి కూడా ఇందులో భాగమే. దసరాకో, పెళ్ళిళ్ళ రోజులకో పడుగు దింపవలెనని రాత్రి రెండింటి దాకా కూర్చుని, టీ మీద టీ తాగి, అన్నం నాలుగు మెతుకులు తిని, మోకాళ్ళ నొప్పికి మందుల దుకాణంలో అడిగిన బిళ్ళ వేసుకొని పనిచేసే ఇంట్లో మరునాడు చిన్న మాటకే పెద్ద తగవు వస్తుంది. ఆ తగవుకు కారణాన్ని అత్తాకోడళ్ళ గుణగణాలలో వెదకనక్కరలేదు.

అడిగే తీరు

నలుగురితో నెగ్గుకొని వచ్చే భాగం ఈ విద్యలో మాకు అన్నింటికంటె నచ్చినది, ఎందుకంటే మన పని అంతా అడగడంలోనే ఉన్నది. మన వారు అడిగే తీరులు రెండు. ఒకటి, నోరు మెదపకుండా తిరిగి వచ్చి ఇంట్లో అరవడం. రెండు, ఆరు నెలలు మెదపకుండా ఉండి ఏడవ నెల దుకాణంలోనే అరవడం. మూడవ తీరును లైనహన్ ఒక వరుసలో పెట్టారు. ముందు జరిగినది మాత్రం చెప్పడం, తరువాత మనకు ఎట్లా ఉన్నదో చెప్పడం, తరువాత కావలసినది స్పష్టంగా అడగడం, ఇస్తే వారికి వచ్చే మేలు చెప్పడం. మన భాషలో వినండి.

“సాహుకారుగారూ, పోయిన నెల పదవ తేదీన నాలుగు చీరలు కోసి అప్పగించాను. రెండింటి మజూరీ అందినది, రెండింటిది అందలేదు. పిల్లవాడి బడి ఫీజు కట్టలేక నాకు చాలా ఇబ్బందిగా ఉన్నది. ఆ రెండు చీరల మజూరీ ఈ శనివారానికి ఇప్పించండి. ఇప్పిస్తే కొత్త పడుగు సోమవారమే ఎక్కించి పండుగ లోపల దింపుతాను.”

ఆయన మార్కెట్టు సంగతి ఎత్తుతాడు. “తెలుసునండీ, బేరాలు లేవు. నా రెండు చీరల మజూరీ శనివారానికి ఇప్పించండి.” ఆయన పోయిన ఏడు పడిన మరక సంగతి ఎత్తుతాడు. “అది వేరుగా మాట్లాడుకొందామండీ. ఈ రెండు చీరల మజూరీ శనివారానికి ఇప్పించండి.” పక్కదారులు పట్టకుండా అదే మాటకు తిరిగి రావడం, గొంతు పెంచకుండా, నేలవైపు చూడకుండా చెప్పడం. కుదరదంటే, “ఒకదానిది ఈ శనివారం, రెండవదానిది వచ్చే శనివారం ఇస్తారా?” అని బేరానికి రావడం. చేయని తప్పుకు “తప్పయిపోయింది బాబూ” అని చేతులు కట్టనక్కరలేదు. అబద్ధపు జబ్బులు చెప్పి జాలి సంపాదించనూ అక్కరలేదు. మజూరీ వస్తుందో రాదో మేము హామీ ఇవ్వలేము. ఇవ్వని ఆసామి ఎంత చక్కగా అడిగినా ఇవ్వడు. అటువంటి చోట సంఘమే కావలెను. కాని తిరిగి వచ్చేటప్పుడు మన మీద మనకు అసహ్యం లేకుండా రావడమూ ఒక లెక్కలోనిదే.

ఇంట్లో దీనికి తోడుగా మరొకటి కావలెను. ఎదుటివారు చెప్పే బాధలో ఏది న్యాయమో దానిని ముందు గుర్తించి పైకి అనడం. భార్య “ఈ ఇంట్లో నా సంగతి ఎవరికి పట్టింది” అన్నప్పుడు, “నేను మాత్రం సుఖంగా ఉన్నానా” అని అంటాము. “పొద్దున అయిదింటి నుంచి ఆసు పోసి, కండెలు చుట్టి, వంట చేసి అలసిపోయావు, నిజమే” అంటే ఓడిపోయినట్లు కాదు. ఆమె అడిగిన ప్రతిదానికీ సరేననడమూ కాదు. మజూరీ లెక్కలో ఆడవారి కండె పనికి ఎన్నడూ వేరే గడి లేదు కనుక, కనీసం మాటలోనైనా దానికి ఒక గడి ఉండడం బాగు.

మనసును ఒకేచోట నిలిపే అభ్యాసాన్ని లైనహన్ అన్నింటికంటె ముందు నేర్పుతారు. మేము చివరకు తెచ్చాము, ఎందుకంటే మన వారికి అది సగం వచ్చు. బుటా వేసేటప్పుడు, పోగులు లెక్కపెట్టేటప్పుడు మనసు ఎక్కడికీ పోదు. సాదా గుడ్డ నేసేటప్పుడే కాళ్ళు తొక్కుతూ ఉంటాయి, చేయి నాడె విసురుతూ ఉంటుంది, మనసు మాత్రం అప్పులవాడి గుమ్మం దగ్గర ఉంటుంది. అది పోయిందని తెలిసిన వెంటనే తిట్టుకొనకుండా చేతి దగ్గరకు, చప్పుడు దగ్గరకు తెచ్చుకొనడమే అభ్యాసం. వందసార్లు పోతే వందసార్లు.

భాష సంగతి, ఒక ఫోను నంబరు

ఇంతవరకు చెప్పినవి రోజువారీ బాధలకు. “నేను లేకపోతే వీళ్ళకే మేలు” అన్న మాట ఇంట్లో ఎవరి నోటనైనా వచ్చినా, ఎవరైనా ఉన్నట్టుండి అప్పగింతలు పెడుతున్నట్లు మాట్లాడినా, చల్లని నీరు, ఊపిరి లెక్క అని కూర్చోరాదు. వారిని ఒంటరిగా వదలకండి. “చనిపోవలెనని అనిపిస్తున్నదా?” అని నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడగకపోవడమే వారిని ఒంటరిని చేస్తుంది. ప్రమాదకరమైనవి చేతికి అందకుండా తీసివేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోండి.

పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చినది. ప్రాణం తీసుకొనబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించవలెనని, శిక్షించరాదని, వారికి సంరక్షణ, చికిత్స ఏర్పాటు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిదని అది చెప్తున్నది. కనుక ఆ భయంతో ఆసుపత్రికి పోకుండా ఆగవద్దు.

మన సభ్యులకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు భాష. షోలాపురంలో మరాఠీతో, సేలంలో అరవంతో, దొడ్డబళ్ళాపురంలో కన్నడంతో, బరంపురంలో ఒడియాతో మనం బేరం చేయగలము, కోర్టులో సాక్ష్యం చెప్పగలము. కాని మనసు విరిగినప్పుడు వచ్చే మాట అమ్మ నేర్పిన మాట. డాక్టరు ముందు కూర్చుని “తలనొప్పి, నిద్ర లేదు” అని రెండు ముక్కలు ఆయన భాషలో చెప్పి, బిళ్ళలు పుచ్చుకొని వచ్చేవారు ఎందరో. లోపలి మాట లోపలే ఉండిపోతుంది. తెలుగు బాగా వచ్చిన మనిషిని తోడు తీసుకొనిపోవడం ఒక దారి. యానాంలో ఉన్నవారికి ఈ చిక్కు లేదు, వారు అదృష్టవంతులు.

మరొక దారి టెలిఫోను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే సేవను ప్రారంభించినది. దాని నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చు లేదు, మాట్లాడే భాషను ఎంచుకొనే వీలున్నది, ఆ భాషలలో తెలుగు కూడా ఒకటి. ఏ రాష్ట్రంలో ఉన్నా చేయవచ్చును. ప్రాణం మీదికి వచ్చినప్పుడే కాదు, నిద్ర పట్టని రాత్రి రెండు గంటలకు కూడా చేయవచ్చును.

డి.బి.టి. తరగతులలో ప్రతివారికీ ఒక రోజువారీ కార్డు ఇస్తారు. ఆ రోజు బాధ ఎంత ఉన్నది, సున్న నుండి అయిదు వరకు. ఏ పద్ధతిని వాడారు, పనికి వచ్చినదా లేదా, అన్నది రాత్రి వ్రాసుకొనవలెను. మనకు కార్డు అక్కరలేదు. ప్రతి ఇంట్లో మజూరీ లెక్క పుస్తకం ఉన్నది. దాని చివరి పేజీని వెనుక నుండి మొదలుపెట్టండి. ఒక వారం పాటు ఒక్క పద్ధతినే, ఊపిరి లెక్కనో, వెనుకకు ఒక అడుగు వేయడాన్నో, కోపం లేని వేళల్లో కూడా చేసి చూసి, తేదీ వేసి వ్రాయండి. చదువురాని పెద్దలు పిల్లల చేత గీతలు పెట్టించుకొనవచ్చును. ఆ పేజీ నెత్తిన, పిల్లలకు కూడా కనిపించేటంత పెద్ద అంకెలతో, 14416 అని వ్రాసి పెట్టండి.